సిరిసిల్ల గీత కిందికి దిగిన రోజు

నా పదవీ విరమణకు ఇంకా రెండేళ్లు ఉందనగా, వానలు వెనకబట్టి వరి పొట్ట మీదున్న రోజుల్లో, నన్ను జగిత్యాల ప్రాంతంలో తాత్కాలిక భూకంప పరిశీలన కేంద్రాలకు ఇన్‌ఛార్జిగా వేశారు. ఉత్తర్వులో పని రెండే వాక్యాల్లో ఉంది. సారంగాపూర్, గొల్లపల్లి మండలాల మధ్య ఊళ్లలో భూమిలోంచి శబ్దాలు, చిన్న అదుర్లు వస్తున్నాయని ఫిర్యాదులు అందాయి. మూడు చోట్ల పరికరాలు పెట్టి, కారణం తేల్చి నివేదిక ఇవ్వాలి.

అప్పటికి నేను సీనియర్ సైంటిస్టును. సైంటిస్టంటే తెల్లకోటు వేసుకుని గాజు సీసాల ముందు నిలబడే మనిషి అనుకుంటారు జనం. నా సర్వీసులో సగం జీపులో గడిచింది, మిగతా సగం ఆ జీపు శాంక్షన్ కోసం ఫైళ్ల వెంట తిరగడంలో గడిచింది. నాకు కోపం ముక్కు మీద ఉంటుందని ఆఫీసులో పేరు. ఆ పేరు అబద్ధమని నేనెప్పుడూ అనలేదు. నాతో వచ్చింది టెక్నికల్ అసిస్టెంటు రమణ ఒక్కడే. నెమ్మదస్తుడు, చేతి పని శుభ్రం, నాతో వాదించడానికి మాత్రం జంకుతాడు. ఈ చివరి సంగతి తర్వాత పనికొస్తుంది.

మూడు కేంద్రాలు ఎందుకంటే, ఒక్క పరికరం భూకంపం ఎంత దూరంలో వచ్చిందో చెబుతుంది గానీ ఏ దిక్కున వచ్చిందో నమ్మకంగా చెప్పలేదు. రాయి ఎక్కడ పగిలినా అక్కడి నుంచి రెండు రకాల తరంగాలు బయలుదేరతాయి. ముందుగా వచ్చేదాన్ని పీ తరంగం అంటాం. గూడ్సు బండికి ఇంజను తగిలితే డబ్బా డబ్బాను నెట్టుకుంటూ పోయినట్టు, రాయిని ముందుకీ వెనక్కీ నెడుతూ ప్రయాణిస్తుంది. రెండోది ఎస్ తరంగం. ఇది రాయిని అడ్డంగా ఊపుతుంది, అందుకే నెమ్మది. ఆ ప్రాంతపు గట్టి రాతిలో పీ తరంగం సెకనుకు ఆరు కిలోమీటర్ల దాకా పోతే, ఎస్ మూడున్నర దాటదు. రెండింటి రాకకూ మధ్య ఎన్ని సెకన్లు గడిచాయో చూసి ఎనిమిదితో హెచ్చిస్తే, దాదాపు ఎన్ని కిలోమీటర్ల దూరమో వస్తుంది. మూడు కేంద్రాల నుంచి మూడు దూరాలు తీసి, పటం మీద మూడు వృత్తాలు గీస్తే అవి కలిసే చోటే భూకంపం పుట్టిన చోటు.

మొదటి పరికరం జగిత్యాల శివార్లలో, రెండోది కోరుట్ల బయట ఒక గుట్ట పక్కన పెట్టాం. మూడోది సిరిసిల్లలో పెట్టాలి. అక్కడ పెద్ద చిక్కు. ఊరంతా సాంచాలే. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. వేల సాంచాలు ఒకేసారి ఆడుతుంటే నేలంతా సన్నగా అదురుతూ ఉంటుంది. మనిషి కాలికి తెలియదు, మా సెన్సార్‌కు మాత్రం అది సంతలో గోల. చివరికి తంగళ్లపల్లి దాటాక పొలాల మధ్య బండ మీద కట్టిన ఒక పాత మోటార్ల గది దొరికింది. గది యజమాని సత్తయ్య. పొద్దంతా సాంచాల మెకానిక్కు, పొద్దుగూకే ముందు రైతు. రోజూ ఒకసారి గది తెరిచి, పరికరం లైటు వెలుగుతోందో లేదో, తెర మీద నేల కదలికను చూపే గీత ఆడుతోందో లేదో చూసి, రిజిస్టర్‌లో టిక్కు పెట్టడం ఆయన పని.

"గిది సాంచ కన్న అల్కటి పని మేడం. దారం తెగది, కండె అయిపోది," అన్నాడు మొదటి రోజే. మనిషి నాకు నచ్చాడు.

ఊళ్లలో మాకన్నా ముందే తీర్పు అయిపోయి ఉంది. గొల్లపల్లి వైపు ఒక కంకర క్వారీ ఉంది. అదురు వచ్చిందంటే క్వారీలో మందు పేల్చినట్టే అని అందరి మాట. ఒక పంచాయతీ ఆఫీసు అరుగు మీద కూర్చోబెట్టి నన్ను గట్టిగానే అడిగారు. నేను తెలిసినంత చెప్పాను. మనమున్న ఈ దక్షిణాది నేలంతా ఒక పెద్ద పలక. అది ఏళ్ల తరబడి ఉత్తరానికి జరుగుతూ ఆసియాను నెడుతోంది. ఆ ఒత్తిడి లోపలి రాతిలో పేరుకుంటుంది. గోదావరి లోయ పొడుగునా ఎప్పటివో పాత పగుళ్లున్నాయి. వానకు ఉబ్బి బిగుసుకుపోయిన తలుపును తోయగా తోయగా ఒక్కసారి టక్కుమని జరుగుతుంది చూడండి, ఆ పగుళ్లూ అలాగే జరుగుతాయి. వానాకాలం నీళ్లు లోపలికి ఇంకితే మరికాస్త తేలిగ్గా జరగొచ్చు. పీ తరంగం నేల పైకొచ్చి గాలిని కొడితే అదే మీకు వినపడే శబ్దం.

"అయితె క్వారీది గాదంటవా మేడం?" అని ఒకాయన నిలదీశాడు.

"అది తేల్చడానికే కదా వచ్చింది," అన్నాను.

"తేల్చేదేముంది? కండ్లకు కనవడుతనే ఉన్నది," అని కండువా దులుపుకుని లేచిపోయాడు.

క్వారీలో మందు పేల్చే పర్మిట్ ఉన్నది ఒక్క ఖాజా మియాకే. కోరుట్ల మనిషి, యాభై దాటాయి. వాళ్ల నాన్న ఆ చుట్టుపక్కల ఊళ్లలో బావులు తవ్వేటప్పుడు బండకు మందు పెట్టి పేల్చేవాడట. కొడుకు శిక్షణ తీసుకుని, పరీక్ష రాసి, సర్కారు పర్మిట్ సంపాదించాడు. ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి చొక్కా లోపలి జేబులో దాచుకుంటాడు. నేను అడక్కుండానే తీసి చూపించాడు. ప్రతి పేలుడుకూ ఆయనకొక రిజిస్టర్. ఎన్ని రంధ్రాలు, ఎంత మందు, ఎన్ని గంటలకు, సైరన్ ఎవరు మోగించారు అన్నీ అందులో ఉంటాయి. పేల్చే ముందు మూడుసార్లు సైరన్, నాలుగు దిక్కులా ఎర్రజెండాలు.

నేను ఆయనను ఒక సాయం అడిగాను. ఒక పేలుడు సెకనుతో సహా మాకు చెప్పి పేల్చాలి. పేలుడు మా పరికరాల్లో ఎలా పడుతుందో మాకొక నమూనా కావాలి. సిరిసిల్లలో సాంచాలు బంద్ ఉన్న రోజు చూసుకుని ఆయన పేల్చాడు. మూడు కేంద్రాల్లోనూ గీత ముందుగా పైకి లేచింది.

ఇక్కడొక మాట విడమరిచి చెప్పాలి, కథంతా దీని మీదే ఉంది. పేలుడు జరిగితే అది చుట్టూ ఉన్న రాయిని అన్ని దిక్కులా బయటికే నెడుతుంది. కాబట్టి ఏ కేంద్రంలోనైనా నేల మొదటి కదలిక పైకే ఉంటుంది. భూకంపం అలా కాదు. పగులుకు ఒక పక్క అటు, మరో పక్క ఇటు జరుగుతాయి. కొన్ని దిక్కులకు నెట్టు, కొన్ని దిక్కులకు లాగు. అందుకని కొన్ని కేంద్రాల్లో గీత ముందు పైకి, కొన్నింట్లో ముందు కిందికి పోతుంది. మొదటి కదలిక ఎటో చూస్తే పేలుడా, భూకంపమా అన్నది చాలావరకు తెలుస్తుంది. మూడు కేంద్రాలతో ఖాయంగా చెప్పలేం. పైగా ఎంత లోతులో జరిగిందో కూడా సరిగా తేలదు. కానీ మా దగ్గర ఉన్నవి మూడే.

నెల తిరక్కుండానే అసలు అదురు వచ్చింది. మధ్యాహ్నం అన్నాల వేళ. చిన్నదే, కానీ క్వారీకి దగ్గర్లోని ఊళ్లో ఒక పాత మట్టిగోడ కూలి, గౌరమ్మ అనే పెద్దావిడ కాలు విరిగింది. కొడుకు దుబాయిలో ఉన్నాడు. కోడలే ఆటోలో వేసుకుని జగిత్యాల ఆస్పత్రికి తెచ్చింది. గంటలో ఊరంతా క్వారీ గేటు దగ్గర పోగైంది. ఇంకో సంగతి తోడైంది. ఆ వేళ సైరన్ ఎవరూ వినలేదు. "సైరన్ సుత గొట్టకుంట పేల్చిండు, మనుషులు సత్తె ఆయనకేంది?" అని జనం మండిపడ్డారు.

సైరన్ వినపడలేదంటే పేలుడే జరగలేదేమోనని ఒక్కరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

నేను, రమణ ఆ సాయంత్రం రికార్డులు తీసి చూశాం. పీ, ఎస్‌ల మధ్య జగిత్యాలలో రెండు సెకన్లు, కోరుట్లలో నాలుగున్నర, సిరిసిల్లలో ఏడున్నర. వృత్తాలు క్వారీకి ఒకటి రెండు కిలోమీటర్ల లోపలే కలిశాయి. మూడింట్లోనూ మొదటి కదలిక పైకే.

రమణ గొంతు సవరించుకున్నాడు. "మేడం, జగిత్యాలలో ఎస్ చాలా పెద్దగా ఉంది. ఖాజా గారు పేల్చిన రోజు ఇంత లేదు."

పేలుడు రాయిని బయటికి నెడుతుందే గానీ అడ్డంగా అంతగా ఊపదు. కాబట్టి పేలుడులో ఎస్ బలహీనంగా ఉంటుంది. రమణ అన్నది సరైన మాట. నేనేమన్నానంటే, "అక్కడ కింద మెత్తటి మట్టి ఉండి ఉంటుందిలే. మూడూ పైకే ఉన్నాయి కదా, ఇంకేం కావాలి?" అన్నాను. నేను గదమాయిస్తే రమణ మళ్లీ నోరెత్తడు. ఎత్తలేదు.

మర్నాడు ప్రాథమిక నివేదిక పంపాను. అందులో ఒక వాక్యం: "మూడు కేంద్రాల్లోని తొలి కదలికను బట్టి ఇది పేలుడు అయ్యే అవకాశం ఎక్కువ." ప్రాథమికం అన్న మాటనూ, అవకాశం అన్న మాటనూ మేం చాలా జాగ్రత్తగా వాడతాం. చదివేవాళ్లు ఆ రెండు మాటలూ వదిలేసి మిగతాది చదువుతారు. క్వారీ ఆగింది. ఖాజా మియా పర్మిట్ సస్పెండ్ అయింది. సైరన్ లేకుండా పేల్చి మనిషి గాయపడడానికి కారకుడయ్యాడని కేసు పెట్టారు. ఇది పేలుడే, భూకంపం కాదని ధైర్యం వచ్చి, ఎందుకైనా మంచిదని రాత్రిళ్లు బయట పడుకుంటున్న జనం మళ్లీ ఇళ్లలోకి వెళ్లారు.

మూడో రోజు ఖాజా మియా జగిత్యాలలో మేం దిగిన గెస్ట్‌హౌస్‌కు వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. రిజిస్టర్ నా టేబుల్ మీద పెట్టాడు.

"మేడం, ఆ రోజు నేను మందే వెట్టలే. మిషన్ ఖరాబైతే బొక్కలు సుత వడలే. గోదాంల మందు లెక్క జూసుకోండ్రి, ఒక్క తూట గూడ తక్కువ లేదు. ఆ టైంల మేమందరం చెట్టు కింద టిఫిన్ ఇప్పుకొని కూసున్నం. భూమి కదిలింది, నా గిలాస కింద వడ్డది. ఖుదా కసం."

ఆయన దేవుడి మీద ఒట్టేసినా, రిజిస్టర్ ఎప్పుడైనా రాసుకోవచ్చు కదా అన్నాను.

ఆయన ముఖం ఎర్రబడింది. "మందు పనిల అబద్ధం రాసెటోడు బతుకుతడా మేడం? ఎన్ని బొక్కలు వెట్టిన, ఎన్ని పేలినయ్ అని ఒక్కటి తప్పు రాస్తె, పేలకుంట మిగిలిన దాని మీద రేపు నా పనోడే కాలు వెడ్తడు. ఇరవై ఆరేండ్ల సంది రాస్తున్న."

అప్పుడు నేను అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "ఖాజా గారూ, మనుషులు పొరపడతారు. మిషన్ పొరపడదు," అన్నాను. ముప్పై ఏళ్లు మిషన్లతో కాపురం చేసిన మనిషి అనాల్సిన మాటేనా అది! సిగ్గుచేటు. పరికరాలు ఎన్ని రకాలుగా పొరపడతాయో ఆ జిల్లా మొత్తంలో నాకన్నా తెలిసినవాళ్లు లేరు.

ఆయన రిజిస్టర్ తీసుకుని చంకలో పెట్టుకున్నాడు. "మీరు చదువుకున్నోళ్లు. మీరు రాస్తె అయిపాయె," అని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత రెండు వారాలకు, హైదరాబాద్ ఆఫీసులో ఉండగా, ఒక పొద్దున ఎక్కడో వేల కిలోమీటర్ల దూరాన సముద్రం అడుగున పెద్ద భూకంపం వచ్చింది. అలాంటివి వచ్చినప్పుడు అన్ని కేంద్రాల రికార్డులూ ఒకదాని కింద ఒకటి పేర్చి చూడడం మా అలవాటు. అంత దూరం నుంచి వచ్చే పీ తరంగం భూమి లోతుల్లోంచి దాదాపు నిట్టనిలువుగా పైకి వస్తుంది. దానికి జగిత్యాలైనా, కోరుట్లైనా, సిరిసిల్లైనా ఒక్కటే. మధ్యనున్న యాభై అరవై కిలోమీటర్లు దానికి లెక్కలోకి రావు. కాబట్టి మూడు చోట్లా నేల ఒకే వైపు కదలాలి. పైకైతే మూడూ పైకి, కిందికైతే మూడూ కిందికి.

జగిత్యాల పైకి. కోరుట్ల పైకి. సిరిసిల్ల కిందికి.

తెరను దగ్గరికి జరుపుకుని మళ్లీ చూశాను. రమణను పిలిచాను. అతనూ చూశాడు. సిరిసిల్ల సెన్సార్ తీగలు తారుమారయ్యాయి. పైకి కదిలితే కిందికి, కిందికి కదిలితే పైకి గీస్తోంది. అంటే ఖాజా మియా మీద కేసుకు ఆధారమైన ఆ మధ్యాహ్నపు రికార్డులో, సిరిసిల్ల దగ్గర నేల నిజంగా కదిలింది కిందికి. రెండు పైకి, ఒకటి కిందికి. పేలుడు అలా చేయదు.

అయితే తీగలు ఎప్పుడు మారాయి? నమూనా పేలుడు నాడు సిరిసిల్ల కూడా పైకే చూపించింది, అంటే అప్పటికి సరిగానే ఉంది. వెనక్కి వెతికితే, మధ్యాహ్నపు అదురుకు నాలుగు రోజుల ముందు, ఒక ఆదివారం సిరిసిల్ల గీత కొన్ని గంటలు చచ్చినట్టు చదునుగా ఉండి మళ్లీ మామూలైంది. అది నేను అప్పుడే చూశాను. ఏదో కనెక్షన్ లూజై, దానంతట అదే కుదురుకుందనుకున్నాను. అంతకన్నా ఘోరం ఇంకోటి ఉంది. ప్రతి నెలా ప్రతి కేంద్రానికి ఒక తనిఖీ పత్రం నింపాలి. అందులో ఒక గడి, సెన్సార్ దిశ సరిచూశారా అని. స్వయంగా వెళ్లి, సెన్సార్ పెట్టిన దిమ్మెను చేత్తో కిందికి నొక్కి, గీత కిందికే పోతోందా అని చూడాలి. పది నిమిషాల పని. అదురు వచ్చిన మర్నాడు, ప్రాథమిక నివేదికతో పాటే నెల పత్రం కూడా పంపాల్సి వచ్చింది. డేటా చక్కగా వస్తోంది కదా, తంగళ్లపల్లి దాకా ఎందుకని జగిత్యాల గెస్ట్‌హౌస్‌లో కూర్చునే ఆ గడిలో టిక్కు పెట్టి సంతకం చేశాను.

ఆ పూటే బయలుదేరి తంగళ్లపల్లి చేరాం. సత్తయ్య సాంచాల షెడ్డు నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. గదిలో సెన్సార్ నుంచి రికార్డర్‌కు పోయే కేబుల్ మధ్యలో నల్లటి టేపు చుట్టి ఉంది. నీటుగా, ఒద్దికగా, ఏ ఎలక్ట్రీషియన్నూ తప్పుపట్టలేనంత బాగా చుట్టాడు.

"ఇది ఎవరు చేశారు సత్తయ్యా?"

"నేనే మేడం," అన్నాడు సంబరంగా. "ఎల్క కొరికింది. ఐతారం నాడు చూసిన, గీత లేస్తలేదు. ఐతారం పూట మీకెందుకు తక్లీబని నేనే అతికిచ్చిన. కాలుతోని బండను దబ్బున గొట్టిన, గీత ఎగిరి దుంకింది. నడుస్తుందని సంబురపడ్డ. ఏమన్న తప్పయిందా?"

"లోపల రెండు తీగలుంటాయి కదా. ఏది దేనికి కలపాలో ఎలా తెలిసింది?"

"రెండు నల్లవే ఉండె మేడం. ఎల్క కొరికిన కాడ గుర్తులన్ని పోయినయ్." టేపు చుట్టిన చోటు వేలితో చూపించాడు. "సాంచ మోటర్‌దైతె వైర్లు కలిపి ఆన్ చేసి చూస్తం. సీద తిరిగితె అట్లనే ఉంచుతం. ఉల్ట తిరిగితె రెండు వైర్లు అటీటు మారుస్తం. గిదేమన్న తిరుగుతదా మేడం, ఉల్టనో సీదనో తెల్వనీకి?"

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. సిరిసిల్లలో ఏ మెకానిక్ అయినా అదే చేసేవాడు, వాళ్ల పనిలో అది నూటికి నూరుపాళ్లు సరైన పద్ధతి. తప్పు కలిపితే మోటారు వెనక్కి తిరిగి చెబుతుంది. మా పరికరం తప్పుగా కలిపినా చక్కగా గీస్తుంది, ఏమీ చెప్పదు. ఎవరైనా వచ్చి అడగాలి. అడగాల్సింది నేను.

రమణ మోకాళ్ల మీద కూర్చుని దిమ్మెను అరచేత్తో నొక్కాడు. గీత పైకి లేచింది. తీగలు మార్చి కలిపి మళ్లీ నొక్కాడు. గీత కిందికి దిగింది. గడియారం చూశాను. తలుపు తాళం తీసినప్పటి నుంచి లెక్కపెట్టినా పావుగంట కాలేదు.

అప్పటికి సత్తయ్యకు ఏదో పెద్ద గొడవే అయిందని అర్థమైంది. "నా వల్ల ఎవలికన్న ఏమన్న అయిందా మేడం?" అని మెల్లగా అడిగాడు. నీ వల్ల కాదు అని చెప్పాను. నిజమే చెప్పాను.

ఆఫీసులో మా డివిజన్ హెడ్ మంచి మనిషే. తుది నివేదిక ఎలాగూ మూడు నెలల్లో ఇస్తాం, అందులో సవరణగా ఒక పేరా రాద్దాం, ఇప్పుడే తొందరపడి సంస్థ పేరు పోగొట్టడం ఎందుకన్నారు. ఆ మూడు నెలలు కేసు మోసేది ఖాజా మియా కదా సార్ అన్నాను. నా గొంతు కాస్త పెద్దదైంది. పక్క గదిలోవాళ్లు తలుపు దాకా వచ్చారు. ప్రాథమిక నివేదిక ఎవరెవరికి పంపానో వాళ్లందరికీ ఆ సాయంత్రమే రెండో ఉత్తరం పంపాను. సిరిసిల్ల రికార్డు తిరగబడి ఉందనీ, ఆ అదురు పేలుడు కాదు సహజ భూకంపమనీ, తనిఖీ చేయకుండానే చేసినట్టు సంతకం పెట్టింది నేనేననీ రాశాను. ఎస్ తరంగం బలంగా ఉందని రమణ ముందే చెప్పాడని కూడా రాశాను. చిన్న అదుర్లు ఇంకా రావచ్చు గనుక గోడలు బీటలిచ్చిన ఇళ్లలో ఎవరూ పడుకోవద్దని పంచాయతీలకు విడిగా ఫోన్ చేసి చెప్పాం. నాకు మెమో వచ్చింది, వివరణ ఇచ్చుకున్నాను. అది న్యాయమే.

ఆ తర్వాత కోరుట్ల వెళ్లాను. ఫోన్‌లో చెప్పే మాట కాదనిపించింది. ఖాజా మియా ఇంటి ముందు కూర్చుని సైకిల్ చైనుకు నూనె వేస్తున్నాడు. క్వారీ మళ్లీ తెరిచే నాటికని యజమాని పర్మిట్ ఉన్న వేరే మనిషిని మాట్లాడుకున్నాడట. నన్ను చూసి లేచాడు, లోపల్నుంచి కుర్చీ తెప్పించాడు, చాయ్ తెప్పించాడు. నేను మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. ఎలుక, తీగలు, సంతకం అన్నీ చెప్పాను. తప్పు నాదని చెప్పాను.

అంతా అయ్యాక అడిగాడు: "గా మిషన్ సీద ఉన్నదా ఉల్ట ఉన్నదా చూసుడు, ఎంత సేపటి పని మేడం?"

"పది నిమిషాలు," అన్నాను.

"నేను మీ కాడికచ్చి ఖుదా కసం అన్న రోజు, ఒక్కపారి చూసొస్త అని ఎందుకనలే?"

చాయ్ చల్లారిపోయింది. ఆయన కోప్పడి ఉంటే నాకు తేలికయ్యేది.

కేసు ఎత్తేశారు. పర్మిట్ తిరిగి చేతికి రావడానికి నాలుగు నెలలు పట్టింది. గౌరమ్మ కాలు అతికింది కానీ ఊళ్లో సగం మంది ఇప్పటికీ అది క్వారీ వల్లేనంటారు. నా రెండో ఉత్తరం వాళ్ల దాకా చేరలేదు, చేరినా నమ్మేవాళ్లు కాదు. మొదటిదాన్ని మాత్రం చదవకుండానే నమ్మారు.

మిగిలిన రెండేళ్ల సర్వీసులో కొత్తగా చేరినవాళ్లకు నేను నేర్పింది ఒక్కటే. పరికరం మీరు అనుకున్నదానికి విరుద్ధంగా చెబితే ఎలాగూ వెళ్లి తనిఖీ చేస్తారు, అది ఎవరైనా చేసే పనే. అందరూ ముందే నమ్మినదాన్ని పరికరం కూడా అవునంటే అప్పుడే లేచి వెళ్లి చూడాలి, ఎందుకంటే అప్పుడు ఎవరూ వెళ్లరు. ఒక మనిషి ఎదురుగా నిలబడి కాదంటుంటే తప్పకుండా వెళ్లాలి. నేను పది నిమిషాలు మిగుల్చుకున్నాను. దానికి ఖాజా మియా నాలుగు నెలలు పోగొట్టుకున్నాడు.